భూమి, పైకము, శ్రమ: పంపకమునందు న్యాయము
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



రజతోత్సవ సభలయందు సారస్వతమును గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నేను పండితుడను కాను. చిరకాలము దస్తావేజులు వ్రాసి పొట్టపోసికొన్నవాడను. కార్యదర్శిగారు నన్ను పిలిచినప్పుడు, "కవిత్వము మాటాడుటకు వేరొకరు వచ్చుచున్నారు, మీరు మన వారికి నిత్యము పనికి వచ్చునది యేదైన చెప్పుడు" అని కోరినారు. అందుచేత నాకు తెలిసిన విషయమునే యెన్నుకొంటిని. భూమి మీద పదుగురు కలిసి పైకము పెట్టినప్పుడు, వచ్చిన ఫలితమును ఎవరికెంత పంచుట న్యాయము అనునదే ఆ విషయము.

ఇది చిన్న విషయమని తలపవలదు. ఏలూరు మొదలు తాడేపల్లిగూడెము వరకు, దిగువ కొల్లేటి లంకల వరకు, ఈ యేబది సంవత్సరములలో అన్నదమ్ముల నడుమ, వియ్యంకుల నడుమ, చిన్ననాటి స్నేహితుల నడుమ మాటలు లేకుండ పోయిన కుటుంబములు మీకందరకు తెలిసియే యుండును. వారిలో మోసగాండ్రు కొందరే. తక్కినవారు మంచివారే. మంచివారు కనుకనే మొదట లెక్క మాటాడుకొనుటకు సిగ్గుపడినారు. "మనలో మనకు కాగితమెందుకు బావా" అన్నవాడే రెండేండ్లు గడచిన పిదప వకీలు ఇంటికి దారి వెదకికొన్నాడు.

ఇట్టి ఒప్పందములలో సాధారణముగా మువ్వురుందురు. ఒకడు భూమి తెచ్చును. ఒకడు పైకము తెచ్చును. మూడవవాడు తిరుగుడు తిరిగి పని నడపును. ఈ మువ్వురిలో ఎవరి భాగమెంత?

మన పెద్దలకు ఈ లెక్క తెలియనిది కాదు. పూర్వము కళ్ళములో రాశి పోసిన నాడు మూడు విధముల పంపకము జరుగుచుండెను. మొదటిది మేర. వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి రాశి నుండి ముందుగా కొలిచి యిచ్చెడివారు. రైతుకు ఎంత మిగిలినది, భూస్వామికి ఎంత పోయినది అనునది వారికి నిమిత్తము లేదు. వారిది పనికి ప్రతిఫలము. రెండవది కౌలు. పంట పండినను, మునిగినను ఇన్ని బస్తాలని ముందే నిర్ణయము. భూమి గలవానికి భయము లేదు. కనుకనే అతనికి వచ్చునది మితము. మూడవది పాలు. పాలునకు ఇచ్చినవాడు పంటతో కూడ తానును తడియును, తానును ఎండును. పండిన యేట అతనికి కౌలు కంటె ఎక్కువ వచ్చుట న్యాయమే, ఎండిన యేట ఏమియు రాదు గనుక.

పనికి మేర, నిశ్చింతకు కౌలు, సాహసమునకు పాలు. ఈనాటి ఒప్పందములలోని చిక్కంతయు ఈ మూడింటిని కలగాపులగము చేయుటవలన పుట్టుచున్నది. కౌలు పుచ్చుకొనుచు పాలు కావలెనని కోరువాడొకడు. పాలు అని చెప్పి కౌలు చేతిలో పెట్టువాడొకడు. మేర ఈయక "నీకు తరువాత వాటా ఉన్నది లే" అని పని చేయించుకొనువాడు వేరొకడు.

దీనికి మన కంటి ముందరి దృష్టాంతము కొల్లేరు. దానిని గూర్చి కొంత విరివిగ చెప్పవలసియున్నది.

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లములో నున్నది మన సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏర్లు, డెల్టా మురుగు కాలువలు అందులో పడును. నీరు వెడలుటకు ఉప్పుటేరు ఒక్కటే దారి. పూర్వము వానకాలమున చేపలవేట, నీరు తీసిన పిదప అడుగున పైరు, ఇది లంక గ్రామముల జీవనము. 1970వ దశకములో చేపల చెరువులు వచ్చినవి. 1976లో ప్రభుత్వము మత్స్యకారుల సహకార సంఘములకును, పేదల సంఘములకును సరస్సులో చెరువులు త్రవ్వుకొన ననుమతించినది. ఉద్దేశము మంచిదే. వలవేసి బ్రతుకువానికి సొంత చెరువు కలుగవలెనని.

కాని చెరువనగా ఏమి? గట్టు వేయవలెను. పిల్ల తేవలెను. బొచ్చెకు, శీలావతికి తవుడు, చెక్క మేపవలెను. మందులు చల్లవలెను. రేయింబవళ్ళు కాపలా ఉండవలెను. పట్టిన చేప మంచు పెట్టి లారీలకెత్తి బెంగాలునకో, అస్సామునకో చేర్చువరకు ఒక్క పైసా చేతికి రాదు. సంఘ సభ్యుని వద్ద ఇంత మదుపు ఎక్కడిది? పట్టణముల నుండి పైకము గలవారు వచ్చినారు. చెరువు పేరు సంఘముది. నడుపుట పైకము గలవానిది. సభ్యునికి యేటేట తలకింత అని సొమ్ము. ఆ సభ్యుడే ఆ చెరువు మీద కాపలాకో, వల లాగుటకో కూలికి పోయెను. తన చెరువు మీద తానే కూలివాడు!

ఈ యేర్పాటు మొదటినుండియు అన్యాయమే యని కొందరందురు. నేను అంత తొందరగా అనను. తలకింత అని పుచ్చుకొన్నవానిది కౌలు. చేప చచ్చినను, ధర పడినను అతని సొమ్ము అతనికి రావలెను. పైకము పెట్టినవాడు తెల్లవారి లేచునప్పటికి చెరువంతయు తెల్లబడి తేలుటను చూడవలసినవాడు. లాభమున అతనికి పెద్ద భాగముండుట తప్పు కాదు. తప్పు రెండుచోట్ల నున్నది. చేప ధర, చెరువు విలువ యేటేట పెరుగుచుండగా తలసొమ్ము మాత్రము పాత లెక్కనే పట్టుకొని యుండుట ఒకటి. అంతకు మించినది రెండవది: ఈ చెరువు ఒకనాడు ఉండకపోయినచో ఆ నష్టమెవరిదని ఎవరును అడుగకపోవుట.

ఆ దినము రానే వచ్చినది. 1999 అక్టోబరులో, 120వ నంబరు జీ.వో. ద్వారా, ఐదవ కాంటూరు వరకు గల 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతమును ప్రభుత్వము వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించినది. కాంటూరనగా సముద్రమట్టమునకు ఇన్ని అడుగుల ఎత్తున గీచిన హద్దుగీత. 2002లో రాంసార్ ఒడంబడిక క్రింద కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల పట్టికలో చేరినది. అప్పటికి సంఘముల చెరువులే గాక, ఏ అనుమతియు లేని చెరువులు సరస్సు నిండ పరచుకొని యున్నవి. నీరు కదలుటకు దారిలేక ఎగువ పొలములు మునుగుచున్నవి. 2006లో, సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార సంఘము ఆదేశములను పురస్కరించుకొని, "ఆపరేషన్ కొల్లేరు" పేర యంత్రములతోను ప్రేలుడు పదార్థములతోను గట్లను తెగగొట్టినారు.

ఆ పని సరస్సునకు మంచిదా చెడ్డదా అనునది ఈ ఉపన్యాసమునకు విషయము కాదు. సరస్సు బ్రతుకవలెననుటలో నాకు సందేహము లేదు. నేను చూపదలచినది పంపకము. గట్టు తెగిన నాడు ఎవరికేమి పోయినది? పైకము పెట్టినవానికి ఆ యేటి చేప పోయినది, గట్టు మీద పెట్టిన ఖర్చు పోయినది. కాని పాతకాపులకు అంతకు ముందటి సంవత్సరములలో మదుపు తిరిగి వచ్చియుండెను. వారికి వేరొక చోట చెరువు త్రవ్వుకొను శక్తియు నుండెను. సంఘ సభ్యునికి యేటి సొమ్ము పోయినది, కూలి పోయినది, ఊరు విడిచి పోలేని సంసారము మిగిలినది. వీరిద్దరి నడుమ మూడవ తెగవారు కలరు; వారిని గూర్చి ఎవరును మాటాడరు. చుట్టుప్రక్కల ఊళ్ళలో లక్షో, రెండు లక్షలో పెద్దమనిషి చేతికిచ్చి చెరువులో వాటా కొన్నవారు. ఆడపిల్ల పెండ్లికి దాచిన సొమ్ము, పదవీ విరమణ చేసిన బడిపంతులు సొమ్ము. కాగితము లేదు. ఉన్నను దానికి బలము లేదు. చట్టము నిషేధించిన పనికై చేసికొన్న ఒప్పందము చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టము 23వ సెక్షను చెప్పుచున్నది. న్యాయస్థానము మెట్లెక్కిన యెడల "నీవు ఏ పనికై పైకమిచ్చితివి?" అను ప్రశ్నయే మొదట వచ్చును.

పరిహారము మాట? అనుమతి లేని చెరువునకు పరిహారమడుగు హక్కు లేదు. ఐదవ కాంటూరు లోపల జిరాయితీ పట్టాలు గల రైతులు కలరు. తమ భూమికి పరిహారమైన ఈయవలెను, లేదా హద్దునైన తగ్గింపవలెనని వారు నాటినుండియు అడుగుచున్నారు. హద్దును మూడవ కాంటూరునకు తగ్గింపవలెనని 2008లో శాసనసభ తీర్మానించినది. ఆ తీర్మానముతో హద్దు మారలేదు. ఈ గొడవలో సొంత పట్టా కలవాడు, ప్రభుత్వమిచ్చిన డి-ఫారము పట్టా కలవాడు, ఏ పట్టాయు లేనివాడు, ముగ్గురును ఒకే నీటిలో నిలుచున్నట్లు కనబడుదురు గాని, చట్టము దృష్టిలో ముగ్గురి పాదముల క్రింది నేల వేరు వేరు. అసైన్డు భూముల బదలాయింపు 1977 చట్టముచేత నిషిద్ధము. అమ్మకమే కాదు, తాకట్టు, కౌలు కూడ ఆ నిషేధములోనికి వచ్చును. తరువాత కొన్ని సడలింపులు వచ్చినవి గాని అవి అన్ని భూములకు వర్తింపవు. అందుచేత వాటాలు మాటాడుకొనుటకు ముందు సర్వే నంబరు మాటాడుకొనవలెను. ఆ నంబరు ఏ కాంటూరులో నున్నది, ఏ పట్టా క్రింద నున్నది, నిషిద్ధ భూముల జాబితాలో నున్నదా అనునది తేలక మునుపు లాభము పంపకమును గూర్చి మాటాడుట పుట్టని బిడ్డకు బారసాల.

ఇప్పుడు సరస్సు విడిచి మెరకకు వత్తము. నీరు లేని చోటను ఇదే కథ వేరు వేషములో నడచుచున్నది.

తాడేపల్లిగూడెము ప్రాంతమున భూమి ధరలు పెరుగుటకు కారణములు మీరెరుగుదురు. 2007లో వెంకటరామన్నగూడెమున ఉద్యాన విశ్వవిద్యాలయము వచ్చినది. 2015లో తాడేపల్లిగూడెమునకు జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వచ్చినది. 2022 ఏప్రిలులో ఏలూరు కేంద్రముగ క్రొత్త జిల్లా ఏర్పడినది. ఒక్కొక్క వార్తకు ఒక్కొక్క మెట్టు చొప్పున ధర యెక్కినది. రైతు భూమి పెట్టి, ఇంకొకరు డబ్బు పెట్టి, వేరొకరు పని నడపి, రోడ్లు వేసి, ప్లాట్లు కోసి అమ్ము ఒప్పందములు ఊరూర వెలసినవి.

ఒక లెక్క చెప్పెదను. ఇది లెక్క కొరకు కల్పించినది. ఏ ఊరిదియు కాదు. రైతు తెచ్చిన భూమి విలువ 80 లక్షలు. రెండవవాడు పెట్టిన పైకము 40 లక్షలు. మూడవవాడు రెండు సంవత్సరములు పని నడపినాడు, పైకము తేలేదు. ప్లాట్లన్నియు అమ్మగా 180 లక్షలు వచ్చినవి. మూలము 120 లక్షలు తీసివేయగా మిగులు 60 లక్షలు.

నోటి మాట ఒప్పందములో "ముగ్గురము సమానము" అనుకొన్నారు. ఒక్కొక్కరికి 20 లక్షలు. వినుటకు బాగున్నది. కాని 80 లక్షల ఆస్తిని రెండేండ్లు ప్రమాదములో పెట్టినవానికిని, 40 లక్షలు పెట్టినవానికిని, ఏమియు పెట్టనివానికిని ఒకటే లాభమా యని రైతు ఇంట్లో భార్య అడుగును. అడుగుట న్యాయమే. ఇటు పని నడపినవాని భార్య, "రెండేండ్లు ఇంటికి ఒక్క నెల జీతము తేలేదు, పిల్లల ఫీజులకు అప్పు చేసితిమి" అనును. అదియు న్యాయమే.

ఇప్పుడు మేర, కౌలు, పాలు అను మన పాత లెక్కను దీనికి పెట్టి చూడుడు. పని నడపినవానికి నెలకు 25 వేల చొప్పున 24 నెలలకు 6 లక్షలు ముందుగా మేర. మిగులు 54 లక్షలు. భూమికిని పైకమునకును సాలుకు నూటికి పది చొప్పున రెండేండ్ల అద్దె: భూమికి 16 లక్షలు, పైకమునకు 8 లక్షలు. ఇది కౌలు. మిగులు 30 లక్షలు. ఇదియే అసలు లాభము. ఇందులో నాలుగవ వంతు, అనగా 7 లక్షల 50 వేలు, పని నడపినవానికి పాలు. తక్కిన 22 లక్షల 50 వేలు భూమికి రెండు పాళ్ళు, పైకమునకు ఒక పాలు: 15 లక్షలు, 7 లక్షల 50 వేలు. మొత్తము మీద మూలము గాక రైతుకు 31 లక్షలు, పైకము పెట్టినవానికి 15 లక్షల 50 వేలు, పని నడపినవానికి 13 లక్షల 50 వేలు.

ఈ అంకెలే సరియైనవని నేననుట లేదు. నూటికి పదియా ఎనిమిదియా, నాలుగవ వంతా మూడవ వంతా, అది మీ బేరము. ఎవరికి ఎందుకు వచ్చుచున్నదో ప్రతి రూపాయికి పేరు పెట్టుట ముఖ్యము. పేరు పెట్టిన రూపాయి మీద తగవు తక్కువ.

ఇక నష్టము. ఇచ్చట చాలమంది చదువుకొన్నవారును పొరబడుదురు. అదే వ్యవహారములో ప్లాట్లకు 111 లక్షలే వచ్చినవనుకొనుడు. మూలము 120. నష్టము 9 లక్షలు. 1932 నాటి భాగస్వామ్య చట్టము 13వ సెక్షను ప్రకారము, వేరు ఒడంబడిక లేనప్పుడు భాగస్వాములు లాభమును సమానముగ పంచుకొందురు, నష్టమును సమానముగ భరింతురు. పని నడపినందుకు ఏ భాగస్వామికిని జీతము రాదు. అనగా రెండేండ్లు కాళ్ళరుగ తిరిగినవాడు జీతము లేకపోగా, ఇంటినుండి 3 లక్షలు తెచ్చి ఈయవలెను! అప్పుడు రైతుకు 77 లక్షలు, పైకము పెట్టినవానికి 37 లక్షలు తిరిగి వచ్చును. "నాకు మూడవ వంతు వాటా" అని ఊరంతయు చెప్పికొన్న కుర్రవాడు, నష్టములోను తనకు మూడవ వంతు ఉన్నదని ఆ నాడు తెలిసికొనును. అందుచేత పనివాడు భాగస్వామియా, జీతగాడా, లాభములో మాత్రమే పాలు గల జీతగాడా అనునది మొదటి దినముననే వ్రాసికొనవలెను.

అదే సెక్షనులో ఇంకను రెండు మాటలున్నవి. మూలధనము మీద వడ్డీ అని వ్రాసికొన్నచో అది లాభము నుండియే రావలెను, లాభము లేకున్న వడ్డీ లేదు. ఒప్పుకొన్న మూలము కంటె అధికముగ, వ్యాపారము నిమిత్తము, ఒక భాగస్వామి చేబదులు పెట్టినచో దానికి నూటికి ఆరు వడ్డీ వచ్చును. మన ఊళ్ళలో బయటి వడ్డీ ఎంతయో మీకు తెలియును. కనుక నడుమ డబ్బు చాలనప్పుడు ఎవరు తేవలెను, దానికి ఏ వడ్డీ, తేలేనివాని వాటా తగ్గునా అనునది ముందే తేల్చుకొనవలెను. తగవులలో సగము ఇచ్చటనే పుట్టుట నేను చూచియున్నాను.

రైతు సోదరులకు ఒక హెచ్చరిక. "నేను భూమి మాత్రమే ఇచ్చితిని, కొన్నవారితో నాకేమి సంబంధము" అనుట ఇప్పుడు చెల్లదు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, మనము రెరా అనుచున్నది, లేఅవుటు వేయువాడును అమ్మువాడును వేరైనప్పుడు ఇద్దరిని ప్రమోటరులుగనే చూచును, బాధ్యత ఉమ్మడి. కొన్నవారి నుండి వచ్చిన సొమ్ములో నూటికి డెబ్బది వేరు ఖాతాలో నుంచి ఆ భూమి ఖర్చుకు, పని ఖర్చుకు మాత్రమే వాడవలెనని ఆ చట్టము నిర్బంధించుచున్నది. రైతు తన భాగమును ఎప్పుడు పుచ్చుకొనవలెను, డబ్బు రూపముననా, ప్లాట్ల రూపముననా అని మాటాడునప్పుడు ఈ డెబ్బది వంతుల మాట గుర్తుంచుకొనవలెను. ప్లాట్ల రూపముననైనచో ఏ నంబరు ప్లాట్లో, రోడ్డు మీదివో వెనుక వీధివో, పటము మీద గుర్తు పెట్టించి సంతకములు తీసికొనవలెను. "నలుబది వంతులు నీవి" అన్నంత మాత్రమున చాలదు. మూలప్లాటును మురుగు కాలువ ప్రక్క ప్లాటును ఒక్క వంతుగనే లెక్కకు వచ్చును గదా!

ఈ సందర్భమున మన ఆడపడుచుల మాట చెప్పక తప్పదు. ఈ జిల్లాలలో పసుపు కుంకుమల క్రింద పుట్టింటివారిచ్చిన భూములు చాల కలవు. బేరము భర్తతో జరుగును, వాటా భర్త మాటాడును, సంతకము మాత్రము ఆమెది. లాభము భర్త ఖాతాలో పడును. నష్టము, నోటీసు ఆమె పేర వచ్చును. భూమి ఎవరిదో వాటా వారిదే కావలెను. లెక్క కాగితము వారి చేతికే రావలెను. ఇందులో చర్చకు తావు లేదని నా అభిప్రాయము.

మధ్యవర్తి సంగతి. అతనిని తిట్టుట తేలిక. కాని ఎండలో తిరిగి, అమ్మువానిని కొనువానిని కలిపి, అడంగళ్ళు వెదకి, సరిహద్దు రైతులతో మాటాడి పని జరిపించినవానికి ప్రతిఫలమీయక పోవుట దోషము. పని అయిన తరువాత "నీవు చేసినదేమున్నది" అనువారిని నేను మెచ్చను. అతనిది మేర. నూటికి ఒకటియో రెండో, ఎవరు ఇచ్చునది, ఎప్పుడు ఇచ్చునది, అగ్రిమెంటు నాడా రిజిస్ట్రేషను నాడా, ముందే చెప్పి ఈయవలెను. దోషమెక్కడనగా, అమ్మువానితో ఎకరము 40 లక్షలని, కొనువానితో 44 లక్షలని చెప్పి, నడుమ 4 లక్షలు చప్పుడు లేకుండ జేబులో వేసికొనుటలో. అతడు తానే కొని అమ్మినచో ఆ లాభము అతనిదే. బయానా ఇచ్చి సాహసము చేసినాడు గనుక. ఒకరి పక్షమున పని చేయుచున్నానని నమ్మించి తన లాభము దాచినచో, ఆ లాభమును యజమాని రాబట్టుకొనవచ్చునని కాంట్రాక్టు చట్టమే చెప్పుచున్నది. భాగస్వామికిని అదే నియమము: సంస్థ వ్యవహారము మీద చాటుగా సంపాదించినది సంస్థకు లెక్క చెప్పి ఈయవలెను. రెరా క్రింద నమోదు కావలసిన లేఅవుట్లలో ప్లాట్లు అమ్మించు మధ్యవర్తి తానును నమోదు చేసికొనియుండవలెను. నమోదు సంఖ్య అడుగుట అవమానము కాదు.

కాగితమును గూర్చి నాలుగు మాటలు. ఏడాదికి మించిన కౌలు రిజిస్టరు కావలెను. రిజిస్టరు కాని కౌలు కాగితమును ఆ కౌలు షరతులకు సాక్ష్యముగ న్యాయస్థానము స్వీకరింపదు. భాగస్వామ్య సంస్థ నమోదు కానిచో, ఒప్పందము క్రింది హక్కుకై ఒక భాగస్వామి మరియొకనిపై దావా వేయజాలడు; సంస్థను రద్దు చేయించి లెక్కలడుగు దారి మాత్రము మిగులును. ఇరువది రూపాయల స్టాంపు కాగితము మీద వ్రాసి, ఇద్దరు సాక్షులతో సంతకములు పెట్టించి, దేవుని పటము వెనుక దాచినంత మాత్రమున అది బ్రహ్మాస్త్రము కాదు. దస్తావేజు లేఖరిగ ఈ మాట చెప్పుటవలన నా వృత్తివారికి పని కల్పించుచున్నానని మీరు నవ్వవచ్చును. నవ్వుడు గాని రిజిస్టరు చేయింపుడు.

భాగస్వామి మరణించినచో? వేరు ఒడంబడిక లేకున్న సంస్థ అంతటితో రద్దగును. సగము రోడ్డు వేసిన లేఅవుటు, సగము మేపిన చెరువు, వారసులలో ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో. వారి వాటా విలువను ఏ నాటి ధరకు కట్టవలెను? ఎన్ని నెలలలో ఈయవలెను? తక్కినవారు పని కొనసాగింపవచ్చునా? ఇవి కన్నీళ్ళ నడుమ తేల్చుకొను సంగతులు కావు. అందరు కులాసాగ, కాఫీ త్రాగుచున్ననాడే వ్రాసికొనవలసినవి.

కడపటిది ప్రభుత్వ సేకరణ. కలకత్తా మద్రాసు జాతీయ రహదారి, పోలవరము కుడి కాలువ మన ప్రాంతములో ఎన్ని పొలములను తినినవో చెప్పనక్కర లేదు. 2014 జనవరి మొదటి తేదీ నుండి అమలులోనున్న భూసేకరణ చట్టము ప్రకారము మార్కెట్టు విలువ మీద, అంతకు సమానమైన సొలేషియము, అనగా సాంత్వన ద్రవ్యము, కూడ రావలెను. జాతీయ రహదారులకు తీసికొన్న భూములకును సొలేషియము, వడ్డీ వర్తించునని 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కాని ఆ సొమ్ము ఎవరిదను ప్రశ్న మన ఒప్పందములలో ఉండదు. భూమి రైతుది. గట్టు, మోటారు, షెడ్డు కౌలుదారు పెట్టినవి. మూడేండ్ల కౌలు మిగిలియున్నది. పరిహారము రైతు ఖాతాలో పడును. కౌలుదారు గుమ్మము ముందు నిలుచును. చట్టము బాధిత కుటుంబముల లెక్కలో, సేకరణకు ముందు మూడేండ్లుగ ఆ నేల మీదనే ప్రధానముగ బ్రతుకుచున్న కౌలుదారులను, పాలికాపులను కూడ చేర్చినది. వాటాలపై తగవు వచ్చినచో కలెక్టరు దానిని విచారణాధికార సంస్థకు పంపవచ్చును. అంత దూరము పోనేల? నేల విలువ నేల గలవానికి, కట్టడము విలువ కట్టినవానికి, నిలిచియున్న పంట వేసినవానికి, మిగిలిన కౌలు కాలమునకు ఇంత అని ఒక్క పేరా కౌలు కాగితములో చేర్చిన చాలును. కొల్లేటి సంఘముల కాగితములలో అట్టి పేరా ఒక్కటి, ప్రభుత్వము గట్టు తెగగొట్టినచో సభ్యునికి ఎన్నేండ్ల తలసొమ్ము ఎవరీయవలెనను మాట ఒక్కటి, ఉండియుండినచో 2006 వేసవి కొన్ని ఇండ్లలోనైన వేరుగ గడచియుండును.

ఇంకను చెప్పవలసినవి కలవు గాని వేళ మించుచున్నది. భాగస్వామ్య పత్రము, కౌలు పత్రము, అభివృద్ధి ఒప్పందము, ఈ మూడింటి నమూనాలు పేర్లు, అంకెలు లేకుండ వ్రాసి కార్యదర్శిగారి కిచ్చియున్నాను. అవి పఠనమందిరమున పత్రికల బల్ల ప్రక్క నుండును. చందాదారులు కానివారును చూచుకొనవచ్చును. మీలో ఎవరైన తమ కాగితములు వెంట తెచ్చుకొనియున్నచో, తలుపులు మూయుటకు ఇంకను ఒక గంట వ్యవధి యున్నదని కార్యదర్శిగారు చెప్పుచున్నారు. నేనిచ్చటనే కూర్చుండెదను.